నల్ల దారం అంటే సారు పండుకునే వేళ

మొన్న జిల్లా కేంద్రంలో, మాట రాని పిల్లలకూ నిదానంగా నేర్చుకునే పిల్లలకూ చదువు చెప్పబోయే కుర్ర టీచర్లకు శిక్షణ తరగతులు జరిగాయి. ముగింపు నాడు నన్ను పిలిచి శాలువా కప్పారు. "ఆటిజం అన్న మాట ఈ సీమలో ఎవరూ వినని రోజుల్లోనే అలాంటి బిడ్డను బడిలో చేర్చుకుని, రంగు దారాలతో కొత్త బోధనా పద్ధతి కనిపెట్టి, ఆ బిడ్డ చదువును కాపాడిన మహానుభావుడు" అని మైకులో చదివారు. ఆ కాగితం రాసిచ్చింది నేనే.

శాలువా ఇంటికి చేరింది. ఇక వెనక్కి అడగరన్న ధైర్యంతో మీకు అసలు సంగతి చెబుతున్నాను. ఆ కాగితంలో నిజం రెండే ముక్కలు. ఒక బిడ్డ ఉండింది. ఒక బడి ఉండింది.

డెబ్బైల చివరి సంవత్సరాలవి. ధర్మవరానికి ఆరేడు మైళ్ల దూరంలో, ఇంటికో మగ్గం ఉన్న ఊరు. వానలు మొహం చాటేసి వేరుశనగ చేలు మాడిపోతే, చేను నమ్ముకున్నవాళ్లు పిల్లాపాపలతో బెంగళూరు బస్సెక్కేవాళ్లు. వాళ్లతో పాటు నా హాజరుపట్టీలో సగం కూడా బస్సెక్కింది. మాది పంచాయతీ సమితి బడి. నేను హెడ్‌మాస్టర్ని. నా కింద ఒక టీచరమ్మ, రోజూ ధర్మవరం నుంచి వచ్చి పోయేది. పిల్లల సంఖ్య ఒక గీత కిందికి పడిపోతే రెండో పోస్టు ఎత్తేస్తారు. ఆ ఏడు ఆ గీతకు సరిగ్గా ఒక్క తల తక్కువ పడింది.

టీచరమ్మ వెళ్లిపోతే అయిదు తరగతులూ నేనే చూడాలి. అది నా వల్ల కాని పని. మధ్యాహ్నం పిల్లలు గోధుమరవ్వ ఉప్మా తిన్నాక, బీరువా వెనక తువ్వాలు పరుచుకుని ఒక గంట సేపు బడి అభివృద్ధి గురించి ఆలోచించడం నాకు అలవాటు. ఆలోచన గాఢమైనప్పుడు గురక కూడా వచ్చేది.

అలాంటి ఇరకాటంలో ఒకరోజు పొద్దున మగ్గం నేసే ఒకాయనా, ఆయన భార్యా ఆరేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. పాప ఎవరి మొహమూ చూడలేదు. చేతిలో మగ్గం దారం చుట్టే ఖాళీ కండె ఒకటి పట్టుకుని, దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, అదే ప్రపంచంగా నిలబడింది. తండ్రి చొక్కా జేబులోంచి మడతలు నలిగిన చీటీ తీశాడు.

"బెంగళూరు డాక్టరు రాసిచ్చినాడు సార్. ఇట్లాంటి పిల్లోల్లు ఉంటారంట."

చీటీలో ఇంగ్లీషులో ఏదో ఉంది. నాకు అర్థం కాలేదు. చదివి, తల పంకించి, "ఓ, ఇదా! ఇట్లాంటివి నా సర్వీసులో రెండు చూసినా" అన్నాను. ఒక్కటి కూడా చూడలేదు.

తల్లి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు ఇప్పటికీ నాకు సిగ్గు తెప్పిస్తుంది.

"ఎవురెవురు ఏమేం చెప్తే అయ్యన్నీ చేసినాం సార్. తాయెత్తులు కట్టినాం. లేపాక్షి బసవన్న సుట్టూ తిప్పినాం. ఆ డాక్టరొక్కడే సక్కంగా చెప్పినాడు. 'దీనికి మందు లేదమ్మా, ఆలీసం చెయ్యాకు, ఇప్పుడే పిల్లోల్ల మద్యలో కూసోబెట్టు, చిన్నప్పుడు నేర్చిందే నిలుస్తాది' అన్నాడు. మూడు బళ్లకు పోయినాం. యాడా చేర్చుకోలేదు. చదువు రాకపోయినా పర్వాలేదు సార్. కూసోనిస్తే చాలు."

"ఎందుకు చేర్చుకోలేదంట?"

"చెవి పరీచ్చలో తప్పింది సార్" అన్నాడు తండ్రి.

ఇప్పటి వాళ్లకు తెలియదు. పుట్టిన తేదీ కాగితాలు లేని కాలంలో, పిల్లలు కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి అందుకుంటే అయిదేళ్లు నిండినట్టు లెక్క. నేను కూడా నిబంధన ప్రకారం పాప ముందు గొంతుక్కూర్చుని, నా చెయ్యి నా తల మీదుగా వేసి చూపించాను. పాప కండె తిప్పడం ఆపింది. చెయ్యి చాపి నా ఎడమచెవి పట్టుకుంది. గట్టిగా. అయ్యవారి జీవితంలో మొదటిసారి ఒక విద్యార్థి అయ్యవారి చెవి మెలిపెట్టడం చూసి బడి యావత్తూ ఊపిరి బిగబట్టింది.

రిజిస్టరులో "చెవి అందినది" అని రాసుకున్నాను. ఎవరి చెవి అన్న గడి అందులో లేదు.

చూశారుగా, విద్యాదానం! నాకు కావలసింది ఒక తల. ఆ తల లోపల ఏముందో నేను అడగలేదు.

ఇక రంగు దారాల పద్ధతి. పాప బడికి వచ్చిన మొదటి రోజు ఏ వరసలో ఏం జరిగిందో, అది ఆమెకు శాసనమైపోయింది. గంట, ప్రార్థన, హాజరు, ఉప్మా, నా ఆలోచన, ఇంటి గంట. వరస తప్పితే కేకలు పెట్టేది. అట్లాంటి ఇట్లాంటి కేకలు కావు, మగ్గాలు ఆగిపోయేవి. ఒకసారి నేను ప్రార్థన ఎగ్గొట్టి హాజరు మొదలుపెట్టాను. సగం ఊరు బడి ముందు చేరింది.

"ఏమప్పా ఐవారూ, పిల్లను కొడతాండావా ఏమి?"

"నేనెందుకు కొడతా? ఆ పిల్లే నన్ను ప్రార్థన చెయ్యమని కొడతాండాది!"

పది రోజులు చూసి, పాపను తీసుకుపొమ్మని చెప్పాలనుకున్నాను. టీచరమ్మ అడ్డుపడింది. "తల కావాలన్నారు కదా సార్. తలకు నోరుంటాదని తెల్దా?" అంది. ఆమె మాటలు ఎప్పుడూ అలాగే ఉండేవి, కొలత తీసి కోసినట్టు.

తల్లి ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బడి గడప మీద కూర్చుంది. ఏ పని తరువాత ఏ పనో చూసుకుంది. మర్నాడు కొంగున మూట కట్టుకుని వచ్చింది. మగ్గం దగ్గర మిగిలిన పట్టుదారం ముక్కలు అవి. గోడకున్న చీలకు వరసగా కట్టింది. తెల్లది గంట. ఎర్రది ప్రార్థన. పచ్చది హాజరు. పసుపుది ఉప్మా. చివర్న నీలం, ఇంటి గంట. ఒక పని కాగానే పాప చెయ్యి పట్టుకుని ఆ దారం విప్పించి, ఖాళీ పౌడరు డబ్బాలో వేయించింది.

"మా ఇంట్లో దీనికి ఇట్లనే చెప్తాం సార్. వాళ్ల నాయనకు చీరలో ముందు ఏది, యెనక ఏది అని దారమే చెప్తాది కదా. దీనికీ అంతే. మాట చెవికి ఎక్కదు, దారం కండ్లకు ఎక్కుతాది. ఇంగా ఎన్ని పనులు ఉండాయో కనిపిస్తే దిగులుండదు."

పసుపుకూ నీలానికీ మధ్య ఒక నల్ల దారం ఉంది. "ఇదేందమ్మా?" అన్నాను.

"అది మీరు పండుకునేది సార్" అంది. మొహంలో నవ్వు లేదు, వెటకారం లేదు. బడిలో ఏమేం జరుగుతాయో అన్నీ రాసుకొచ్చిన మనిషి, అంతే.

టీచరమ్మ నల్లబల్ల వైపు తిరిగి చాలాసేపు సుద్దముక్క వెతుక్కుంది.

ఆ నాటి నుంచి రోజూ పొద్దున టీచరమ్మ దారాలు మళ్లీ చీలకు కట్టేది, కేకలు తగ్గాయి. పాప వరసలో కూర్చుంది. పళ్లెం పట్టుకుని ఉప్మాకు నిలబడింది. పిల్లలు ఆమె కోసం ఆగడం నేర్చుకున్నారు. ఆమె దారం విప్పితే తప్ప ఎవరూ లేచేవాళ్లు కాదు. హాజరులో ఆమె పేరు పిలిస్తే పలికేది కాదు. లేచి వెళ్లి పచ్చదారం విప్పి డబ్బాలో వేసి వచ్చేది. నేను గీత గీసుకునేవాణ్ణి. మధ్యాహ్నం ఉప్మా కాగానే బీరువా వెనక తువ్వాలు తానే పరిచి, నా వేలు పట్టుకుని లాక్కుపోయేది. ఒక్కోరోజు నిజంగా పని ఉండి, పడుకోనని మొరాయిస్తే ఊరుకునేది కాదు. పడుకోవలసి వచ్చేది. గంట తరువాత వచ్చి, మళ్లీ వేలు పట్టుకుని లేపి, నల్లదారం విప్పేది. నిద్ర నా విధుల్లో భాగమైంది. సర్వీసులో అంత క్రమశిక్షణతో నేను ఏ పనీ చేయలేదు.

ఆరేడు నెలలు అలా గడిచాక, ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. తలలు లెక్కపెట్టి, రెండో పోస్టు ఉంచాలో తీసేయాలో తేల్చేది ఆయనే. వయసు చాలని పిల్లల్నీ, "బడికి తగని" పిల్లల్నీ ఆయన అక్కడికక్కడే కొట్టేస్తాడని పక్క ఊరి హెడ్‌మాస్టరు భయపెట్టాడు. పాప పేరు కొట్టేస్తే పోస్టు పోతుంది. పాప బళ్లో ఉంటే, పేరు పిలిస్తే పలకదు, పైగా నా తువ్వాలు పరుస్తుంది. తల కావాలి, మనిషి ఉండకూడదు.

అప్పుడు నా బుర్రకు ఒక దివ్యమైన ఉపాయం తట్టింది. అంగడి శెట్టి మనవరాలు తాడిపత్రి నుంచి వచ్చి ఉంది. అదే వయసు. నోరు విప్పితే మూసేది కాదు. ఒక్క దినం పాప పేరుకు ఆ పిల్ల పలికితే చాలు. రెండు బెల్లం బొరుగుల ఉండలకు బేరం కుదిరింది.

"సార్, ఇది మంచిది కాదు" అంది టీచరమ్మ.

"నీ పోస్టు కోసమేనమ్మా."

"నా పోస్టును నడిమధ్యకు తేవద్దు. మీ తువ్వాలు కోసం."

ఆ సాయంత్రం పాప తల్లితో, "రేపు ఒక్క దినం పంపించొద్దమ్మా, ఇన్‌స్పెక్టరు వస్తాడు" అన్నాను. ఉపాయం సంగతి చెప్పలేదు.

"ఏమన్నా తప్పు చేసిందా సార్?"

"అట్లేం లేదు. ఒక్క దినమే."

"ఒక్క దినం అంటే దానికెట్ల చెప్పేది సార్? దానికి అన్ని దినాలూ ఒకటే" అంది. 

మర్నాడు దారాలు విప్పి డబ్బాలో దాచాను. తువ్వాలు బీరువాలో పెట్టి తలుపు దగ్గరగా వేశాను. ఇన్‌స్పెక్టరు జీపు దిగాడు. సన్నటి మనిషి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. హాజరు పిలిచాను. పాప పేరు రాగానే శెట్టి మనవరాలు గుండెలు అదిరేలా "ప్రెజెంట్ సార్!" అంది. అక్కడితో ఆగలేదు. "బాగుండారా సార్?" అని కూడా అడిగింది. ఇన్‌స్పెక్టరు మురిసిపోయాడు. ఎక్కాలు అడిగాడు, గడగడా చెప్పింది. "ఏమప్పా, ఈ పాపను బాగా తయారుచేసినావే" అన్నాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఒక క్షణం అది నిజంగా నా చలవేననుకున్నాను.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. బడి గంట ఊరంతా వినిపిస్తుంది.

ఉప్మా వడ్డించే వేళకు అసలు పాప గడపలో నిలబడింది. ఇంట్లో గడియ పెట్టినా, నీళ్ల బిందె కోసం తలుపు తీసిన సందులో దూరి వచ్చేసిందని తరువాత తెలిసింది. లోపలికి వచ్చి, తిన్నగా చీల దగ్గరికి వెళ్లింది. దారాలు లేవు. వట్టి చీల. దాన్ని చేత్తో తడిమి చూసింది. అప్పుడు మొదలైంది కేక.

నేను ఒక్క అడుగు వేయలేకపోయాను. టీచరమ్మ నా వైపు చూడకుండానే డబ్బా తెచ్చి, దారాలన్నీ వరసగా కట్టేసింది. కేక ఆగింది. పాప వెక్కుతూనే తెల్లది, ఎర్రది, పచ్చది ఒక్కొక్కటే విప్పింది. పళ్లెం తీసుకుని ఉప్మా తింది. పసుపుది విప్పింది.

"ఎవరీ పాప?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, నా కుర్చీలో కూర్చుని రాసుకుంటూ.

"ఎవరో సార్. ఊర్లో తిరుగుతా ఉంటాది. ఉప్మా కోసం వస్తాది" అన్నాను.

ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మిగతా అబద్ధాలన్నీ నన్ను పెద్దవాణ్ణి చేయడానికి ఆడినవి. ఇది ఒక బిడ్డను లేకుండా చేయడానికి ఆడింది.

పాప బీరువా తెరిచి తువ్వాలు తీసింది. వెనక శుభ్రంగా పరిచింది. వచ్చి, కుర్చీలో ఉన్న మనిషి వేలు పట్టుకుని లాగింది. ఆమెకు మనిషి ముఖ్యం కాదు, కుర్చీ ముఖ్యం.

"ఏంది? ఏంజేస్తాంది ఈ పాప? యాడికి లాగుతాంది?"

నలభై గొంతులు ఒక్కసారిగా, ఎక్కం ఒప్పజెప్పినట్టు: "పండుకోమంటాంది సార్! సారు పండుకునే ఏళయింది సార్!"

ఇన్‌స్పెక్టరు లేచాడు. పాప వెంట బీరువా వెనక్కి వెళ్లాడు. తువ్వాలునూ, తల పెట్టుకోవడానికి నేను మడిచి ఉంచిన పాత రిజిస్టరునూ చూశాడు. "పండుకోపోతే?" అని అడిగాడు.

"అరుస్తాది సార్" అన్నారు పిల్లలు.

ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, పడుకున్నాడు. నిజంగా. కళ్లు మూసుకున్నాడు కూడా. పాప తృప్తిగా తన చోటికి వెళ్లి కండె తిప్పుకుంది. నేను చేతులు కట్టుకుని, నా చోట పడుకున్న నా పై అధికారి కాళ్ల దగ్గర నిలబడ్డాను. నా సర్వీసులో మెలకువగా గడిపిన మధ్యాహ్నం అదొక్కటే.

ఎంతసేపో తెలియదు. వీధులన్నీ వెతుక్కుని పాప తల్లి రొప్పుతూ వచ్చింది. ఆమెను చూసి ఇన్‌స్పెక్టరు లేచి కూర్చున్నాడు.

"నీ బిడ్డనా అమ్మా?"

"అవును సార్. ఈ బళ్లోనే ఉండాది" అని పేరు చెప్పింది.

"ఆ పేరుకు ఈ పాప కదా పలికింది?" అని శెట్టి మనవరాలి వైపు చూశాడు.

ఆ పిల్ల దానికోసమే కాచుకున్నట్టు లేచింది. "నా పేరు అది కాదు సార్. మాది తాడిపత్రి. ఐవారు రెండు బొరుగుల ఉండలు ఇస్తానన్నాడు. ఇంగా ఇయ్యలేదు సార్."

తల్లి నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"దానికి మాట లేదు సార్. ఆట లేదు. ఉండేదొక్క పేరు. అదీ మీ పుస్తకంలో రాస్తిరని నేనూ దాని నాయనా ఆ దినం అన్నం కూడా తినకుండా ఊరంతా చెప్పుకుంటిమి. దాన్ని ఇంగొకరికి ఇచ్చేస్తిరా?"

నేను నేల చూశాను. 

ఇన్‌స్పెక్టరు హాజరుపట్టీ తనే అందుకున్నాడు. "పేరు పిలిస్తే పలుకుతాదా?" అని తల్లిని అడిగాడు. ఆమె డబ్బాలోంచి పచ్చదారం తీసి మళ్లీ చీలకు కట్టింది. ఆయన మొదటి పేరు నుంచి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే పలికారు. పాప పేరు వచ్చింది. 

పాప లేచింది. తొందరపడకుండా నడిచి వెళ్లి, పచ్చదారం విప్పి, డబ్బాలో వేసి, వచ్చి కూర్చుంది.

ఆయన ఆ చీల వైపు చూశాడు. తరువాత నేను గీసిన హాజరు గీత మీద తన కలంతో ఇంకో గీత గీశాడు. "హాజరు కావాలని రూలు ఉండాది. నోటితోనే చెప్పాలని యాడా లేదు" అన్నాడు. లేచి, తాడిపత్రి పిల్లకు నా చేత బొరుగుల ఉండలు ఇప్పించి, జీపెక్కాడు. ఆ వారంలోనే రెండు కాగితాలు వచ్చాయి. పాప పేరూ టీచరమ్మ పోస్టూ ఉంటాయని ఒకటి. నన్ను కర్ణాటక సరిహద్దున ఉన్న గుమ్మఘట్ట వైపు బదిలీ చేశారని రెండోది. కన్నడం నేర్చుకోవాలన్న ఆసక్తితో నేనే అడిగి వేయించుకున్నానని అక్కడ అందరికీ చెప్పాను.

నేను రిలీవు అయిన రోజు కొత్త హెడ్‌మాస్టరుకు పొద్దున్నే ఛార్జి ఇచ్చేశాను. బస్సు పదకొండుకు. కానీ చీలకు నల్లదారం కట్టి ఉంది. పాప నన్ను కదలనివ్వలేదు. బస్సు పోయింది. ఉప్మా అయ్యాక తువ్వాలు పరిచింది. కొత్తాయన కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుండగా, ఆ బడితో ఏ సంబంధమూ లేని మనిషిగా, పడుకున్నాను. ఆ రోజు నాకు కన్ను అంటుకోలేదని శాలువా సభలో చెప్పాను. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నిజానికి ఎప్పటికన్నా బాగా పట్టింది.

లేపేసరికి తల్లి కూడా అక్కడుంది. "ఇచ్చేయ్ తల్లీ" అంది. పాప నల్లదారం విప్పింది. డబ్బాలో వేయలేదు. నా అరచేతిలో పెట్టింది. చేతికి ఇచ్చేసిన దారం రేపు చీలకు ఉండదని తల్లీతండ్రీ వారం నుంచి ఇంట్లో నేర్పుతున్నారట, ఒక్కో రంగు తెచ్చి, ఒక్కో చుట్టానికి ఇప్పించి. నేను పోయిన మర్నాడు బిడ్డ అరవకూడదని. అప్పటికి నా గురించి అంత కష్టపడాల్సిన అవసరం వాళ్లకేమీ లేదు.

నేను ఆ తల్లి కాళ్లకు దండం పెట్టి క్షమాపణ అడిగానని కూడా సభలో చెప్పాను. అడగలేదు. "వస్తానమ్మా" అన్నాను. "నిద్ర సరిపోయిందా సార్?" అంది ఆమె.

పక్షం తరువాత టీచరమ్మ ఉత్తరం రాసింది. మర్నాడు పాప పసుపుదారం విప్పి, నల్లదాని కోసం చూసిందట. బీరువా వెనక్కి వెళ్లి చూసిందట. తన అరచెయ్యి తెరిచి చూసుకుందట. అరవలేదు. నీలం దారం కింద కూర్చుని ఇంటి గంట కోసం ఎదురుచూసిందట. ఆ బడిలో అయిదో తరగతి దాకా కూర్చుంది. చదువు కొంచెం వచ్చింది. మాటలు పది, పన్నెండు. నేను నేర్పినవి ఒక్కటీ లేవు.

సభలో జేబులోంచి నల్లదారం తీసి అందరికీ చూపించాను. ఫొటోలు తీసుకున్నారు. ఆ అసలు దారం గుమ్మఘట్టలో చేరిన రెండో నెలలోనే జొన్నల సంచి మూతికి కట్టి పోగొట్టుకున్నాను. మీరు ఫొటోలో చూసింది మా మనవడి మొలతాడు ముక్క. ఒకరి పేరుకు ఇంకొకరిని నిలబెట్టే బుద్ధి నాకింకా పోలేదు.